చనుబాలును బూజువిషమును



బాలింత పథ్యమును గూర్చి మన గ్రామములలోని పెద్దలకు వేఱొకరు చెప్పవలసిన పని లేదు. కాయము ఎప్పుడు పెట్టవలెనో, ఏ కూర వాతము చేయునో, ఏది పాలు పెంచునో ముదుసలులందఱు ఎఱుగుదురు. తల్లి తిన్నది బిడ్డకు పోవునను మాట నేను చిన్ననాటనుండి వినుచున్నాను. ఒక్క విషయమున ఆ మాట అక్షరాల నిజమని శాస్త్రజ్ఞులు కొలిచి చూపినారు. అది గింజలకు పట్టు బూజును గూర్చిన విషయము.

1960వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున లక్షకు మించిన టర్కీ కోళ్ళు కొలది నెలలలో చచ్చినవి. తెగులేమో యని మొదట తలచిరి. వెదకగా వెదకగా వాటికి దాణాగా వేసిన వేరుసెనగ పిండియందు దోషమున్నదని తేలెను. బ్రెజిలు దేశమునుండి వచ్చిన ఆ పిండికి ఆస్పెర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పట్టియుండెను. ఫ్లేవస్ అనగా లాటిను భాషలో పసుపుపచ్చనిది. ఆ బూజు విడుచు విషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరిడిరి. మొదటి పదమునుండి ‘అ’కారమును, రెండవ దానినుండి ‘ఫ్లా’ను గైకొని, విషవాచకమగు టాక్సిన్ అను పదమును తగిలించినారు. వ్యాకరణము చదివినవాడు నవ్వుకొనవలసిన సమాసమే గాని, విషము మాత్రము నవ్వులాట కాదు.

తిన్న విషము కాలేయమునకు చేరును. అచ్చట కొంత రూపు మారి, ఎమ్1 అను మఱియొక విషమగును. పాలకు ఆంగ్లమునగల పేరులోని తొలి అక్షరమే దీనికి గుఱుతుగా పెట్టిరి. ఆవుగాని గేదెగాని బూజుపట్టిన చెక్కను తిన్నచో, అందలి విషములో నూటికి ఇంచుమించు ఒకటి మొదలు మూడు పాళ్ళవఱకు పాలలోనికి దిగును. అది ఒక దినములోనే పాలయందు కానవచ్చును. మంచి మేత వేసినచో నాలుగు దినములలో తొలగును. స్త్రీలయందును మార్గ మిదియే. ఆఫ్రికా పడమటి తీరమున గాంబియా అను దేశము కలదు. వేరుసెనగ అచ్చటివారికి నిత్యాహారము. అచ్చటి తల్లుల చనుబాలను పరీక్షించి 1992లో ప్రకటించిన ఫలితము ననుసరించి, తల్లి తిన్న విషములో వేయింటికి దాదాపు ఒకటి మొదలు నాలుగు పాళ్ళు మాత్రమే పాలలోనికి వచ్చినది. పశువు పాలలోనికి దిగుదానికంటె ఇది చాల తక్కువ.

ఇచ్చట గట్టిగా చెప్పవలసినది యొకటి కలదు. ఈ సంగతిని సగము విని, ‘చనుబాలు విషమట, డబ్బాపాలే మేలట’ అనువారు ప్రతి యూరను బయలుదేరుదురు. చూలుకడుపుల కోడండ్రు బెదరిపోవుదురు. ఇంటి పెద్దలు ఆ మాటను గడప దాటి రానీయరాదు. చను మానిపించిన బిడ్డ యేమి తినును? అదే గాదెలోని గింజలతో కాచిన జావ. అదే చెక్క తిన్న గేదెపాలు. తల్లి దేహమును దాటి వచ్చునది స్వల్పము, గింజలో నేరుగా నున్నది అధికము. బెనిన్, టోగో దేశముల పిల్లల రక్తమును పరీక్షించి 2002లో ప్రకటించినదానిలో, చనుబాలు పూర్తిగా మానినవారియందే ఈ విషపు జాడ హెచ్చుగా కనబడెను. ఇంకను త్రాగుచున్నవారియందు తక్కువగా నుండెను. జాడ హెచ్చుగానున్న పిల్లలు వయసుకు తగిన ఎత్తు లేక గిడసబారియుండిరి. ఆరు నెలలు నిండువఱకు చనుబాలు తప్ప మఱేమియు పెట్టవలదనియు, పిదప ఇతరాహారముతోపాటు రెండేండ్లుగాని అంతకు మించిగాని చనుబా లీయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుదురు. ఈ విషమునుబట్టి ఆ మాటను మార్చుకొన నక్కఱలేదు. తల్లి తిను గింజను మార్చిన చాలును.

మితిమీరిన మోతాదు పెద్దలనే చంపును. 1974లో రాజస్థానమునందలి బాంస్వాడా ప్రాంతమునను, గుజరాతునందలి పంచమహల్ ప్రాంతమునను, అకాలవర్షమునకు తడిసి బూజెక్కిన మొక్కజొన్నను తిన్న గిరిజన కుటుంబములలో కామెర్లును పొట్ట ఉబ్బును పుట్టి, నూర్గురు దాటి మరణించిరి. ఆ యిండ్ల కుక్కలును చచ్చినవి. దానిని శోధించి లోకమునకు తెలిపినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు. కొంచెముకొంచెముగా ఏండ్లతరబడి లోనికి పోయినచో ఇది కాలేయమున పుట్టకురుపును పుట్టించును. మనదేశమున పాలకు విధించిన హద్దు కిలోగ్రామునకు అర మైక్రోగ్రాము. అనగా ఇరువది లక్షల కిలోగ్రాముల పాలలో ఒక్క గ్రాము. ఐరోపావారి హద్దు దీనిలో పదవ వంతు. శిశువుల డబ్బాపాలకు వారు దానిని మరల సగము చేసినారు.

ఇక మన చేతిలోని పని. ఈ బూజు నేలలోనే యుండును. అనంతపురమువంటి మెట్టసీమలలో పంట చివర వానలు లేక నేల కాగినచో, కాయ భూమిలో నుండగానే పట్టును. పెఱికినపిమ్మట తడికాయను కుప్పవేసినచో మఱింత విజృంభించును. కాయను ఊపిన లోని గింజ గలగలలాడువఱకు ఎండబెట్టవలెను. బస్తాలను నేలపై గాక పలకలపై, గోడకు ఎడముగా పేర్చవలెను. పాతరలో చెమ్మ యున్నచో దానిని వాడరాదు. పుచ్చినవి, ముడుతపడినవి, రంగు మారినవి, పగిలినవి చేటతో ఏరవలెను. కొలది గింజలయందే విషము విశేషముగా నుండుటచే ఈ ఏరుడు మిగుల ఫలించును. ఉడికించినను వేయించినను పోవునని తలపవలదు. వంటింటి వేడికి అది పూర్తిగా చావదు.

నాకు బాధ కలిగించు సంగతి మఱియొకటి. మేలైన గింజ సంతకు పోవును. ఏరివేసినది ఇంట నిలుచును. పారవేయ మనసొప్పక దానిని పొడి కొట్టుదురు, పచ్చడి నూరుదురు, కూలికి వచ్చినవారికి కొలిచి పెట్టుదురు. ఆ కూలివారిలో చంటిపిల్లల తల్లులుందురు. గానుగ కాడించినను, విషములో హెచ్చుపాలు చెక్కలో నిలుచును, కొంత నూనెలోనికి దిగును. చెక్క గేదెకు పోవును, గేదెపాలు మరల మన యింటికే వచ్చును. ఏరిన గింజలను కాల్చివేయుడు, లేదా లోతుగా పూడ్చుడు. పెంటకుప్పపై చల్లినచో కోళ్ళు ఏరుకొని తినును.