బగ్గు టెస్టులోనా, ప్రోగ్రాములోనా?

రెండేళ్ళ క్రితం అమ్మ న్యూజెర్సీ వచ్చినప్పుడు, మతిమరుపు ఎక్కువైందని డాక్టరుకి చూపించాం. ఇప్పుడు ఏ సీజన్ అని అడిగారు. అది జూలై. "వానాకాలం" అంది అమ్మ. తప్పని రాసుకున్నారు. 'వరల్డ్' స్పెల్లింగు వెనకనుంచి చెప్పమన్నారు. తెలుగు తప్ప మరో భాష రాని అమ్మకి దాన్నెలా అనువదించాలో నాకు తోచలేదు. స్కోరు బాగా తగ్గింది.

మన భాషలో చెప్పాలంటే, బగ్గు ప్రోగ్రాములో ఉందా, టెస్ట్ కేసులోనా? ఆ అనుమానంతో వెతుకుతుంటే డాక్టర్ సువర్ణ అల్లాడి గారి పరిశోధనలు కనిపించాయి. ఆవిడ న్యూరాలజిస్టు. హైదరాబాదు నిమ్స్‌లో చాలాకాలం డిమెన్షియా రోగుల్ని చూశారు. తర్వాత బెంగుళూరు నిమ్‌హాన్స్‌కి వెళ్ళారు. ఇంగ్లండులో పుట్టిన ఆడెన్‌బ్రూక్స్ పరీక్షని ఆవిడ బృందం తెలుగువాళ్ళకి తగ్గట్టు మార్చి వాడింది.

2013లో 'న్యూరాలజీ' పత్రికలో వచ్చిన వాళ్ళ పేపరు ప్రసిద్ధం. నిమ్స్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల్లో, రెండు అంతకంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్ళకి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. అంతకుముందు కెనడాలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. కానీ అక్కడ రెండు భాషలవాళ్ళలో వలస వచ్చినవాళ్ళే ఎక్కువ. తేడా భాషవల్లా, వలసవల్లా? విడదీయడం కష్టం. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడటానికి ఎవరూ దేశం దాటక్కర్లేదు. చదువురాని వాళ్ళలోనూ ఈ తేడా కనబడింది కాబట్టి, ఇది చదువు మహిమ అనీ కొట్టిపారెయ్యలేం. మూడో భాషవల్ల అదనపు లాభం మాత్రం కనబడలేదు.

దీన్ని స్టాండ్‌బై సర్వరుతో పోల్చొచ్చు. జబ్బు ఆగదు; లోడు పంచుకోడానికి ఇంకొకటి ఉంది కాబట్టి, సిస్టమ్ పడిపోవడం ఆలస్యమవుతుంది. అయితే ఇది సగటు లెక్క. కొన్ని ఇతర అధ్యయనాల్లో ఈ లాభం కనిపించలేదు కూడా. పిల్లలకి తెలుగు నేర్పితే డిమెన్షియా రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అమ్మ ఇండియా వెళ్ళాక తెలుగులో మళ్ళీ పరీక్ష చేయించాం. వానాకాలానికి మార్కు పడింది. స్కోరూ పెరిగింది. కానీ కాసేపటి క్రితం చెప్పిన పేరూ, చిరునామా అడిగితే అమ్మ నా మొహంలోకి చూసింది. ఆ బగ్గు టెస్టులో లేదు.

అయినా ఆ రెండో పరీక్ష వృథా కాలేదు. ఏది పోయిందో, ఏది ఇంకా మిగిలుందో అప్పుడే తెలిసింది. మీ పెద్దవాళ్ళకి ఇలాంటి పరీక్ష పెడితే, వాళ్ళ భాషలో పెట్టమని అడగండి. కుదరకపోతే వృత్తి దుబాసీని కోరండి. నాలాగా మీరే అనువదించకండి.