దిక్కు

మనశ్చికిత్సకుని యెదుట కూర్చున్నవారు మొట్టమొదట చెప్పుకొను మాట యించుమించుగ ఒక్కటియే: ఈ దిగులు పోవలెను, ఈ భయము తొలగవలెను, ఈ నిద్రలేమి తీరవలెను, ఆ పిమ్మట బ్రదుకును చక్కదిద్దుకొందును అని. ఈ కోరిక సహజమైనదే. కాని భయము పూర్తిగా తొలగిపోవు దినమునకై వేచియుండుటలో సంవత్సరములు గడచిపోవును. చక్కదిద్దుకొనవలసిన బ్రదుకు గడప కావలనే నిలిచియుండును. అందువలన కొందఱు చికిత్సకులు, "మీకేమి పోవలెను?" అను ప్రశ్నతో తృప్తిపడక, "మీరు ఎట్టి మనిషిగా బ్రదుకగోరుచున్నారు?" అని కూడ అడుగసాగిరి.

ఈ ప్రశ్నకు పూర్వచరిత్ర కలదు. వియన్నా నగరమున 1905లో జన్మించి, నాజీల నిర్బంధశిబిరముల యాతన ననుభవించి బయటపడిన విక్టర్ ఫ్రాంకల్ అను వైద్యుడు, జీవితమున కొక అర్థము గోచరించినవానికి దుఃఖమును భరించు శక్తి సమకూరునని 1946లో వెలువరించిన గ్రంథమున వివరించెను. పిదప అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన స్టీవెన్ హేస్, ఇరువురు సహచరులతో గూడి 1999లో ప్రకటించిన గ్రంథము ద్వారా 'ఆక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ' (అంగీకార, నిబద్ధతల చికిత్స) అను పద్ధతి ప్రసిద్ధి కెక్కెను. హేస్ తానును ఆకస్మికముగా ముంచుకొనివచ్చు భయోద్వేగమునకు లోనై బాధపడినవాడే. ఆ చికిత్సకు గల ఆఱు అంగములలో విలువల నెఱుగుట యొకటి, వాని ననుసరించి నడచుట మఱియొకటి.

విలువ యన నేమి? అది గమ్యము కాదు, దిక్కు. తూర్పుముఖముగా నడచువాడు దారిలో ఎన్ని యూళ్లనైనను చేరవచ్చును గాని, తూర్పును చేరితినని యెన్నడును కూలబడజాలడు. కుమార్తె వివాహము చేయుట గమ్యము. ఆమెయెడ ఆదరముతో మెలగుట దిక్కు. తలంబ్రాలు పడిన మఱునాడు మొదటిది ముగిసిపోవును, రెండవదానికి ముగింపు లేదు. సంతోషము సైతము విలువ కాదు. అది వచ్చి పోవు అనుభవము. విలువ మనము చేయు పనిలోని తీరు, మనమే యెన్నుకొన్నది. మన భాషలో దిక్కు అను మాటకు దిశ యనియు, ఆశ్రయ మనియు రెండర్థములు గలవు. ఈ చికిత్సను గూర్చి ఆలోచించినప్పుడెల్ల ఆ రెండర్థములును నా మనస్సునకు తోచుచుండును.

ఆ దిక్కును కనుగొనుట యెట్లు? ఒక ఉపాధ్యాయిని నూహింతము. బస్సులో ఒకనాడు గుండెదడతో ఊపిరి యాడక భీతిల్లిన పిమ్మట ఆమె ప్రయాణములు మాని, పల్లెలో నున్న తల్లిని చూడకయే ఏడాది గడపినది. "ఈ దడ తగ్గితే మా అమ్మ దగ్గరికి వెళ్లొస్తానండీ" అని ఆమె యనును. "దడ ఇక రానే రాదనుకుందాం. అమ్మ దగ్గరికి వెళ్లి ఏం చేస్తారమ్మా?" అని చికిత్సకుడు మెల్లగ నడుగును. "ఏముందండీ, పక్కన కూర్చుని తల దువ్వుతాను" అనుచు ఆమె కన్నీరు పెట్టుకొనును. ఆ కన్నీటిని తుడిచివేయ తొందరపడనివాడే నేర్పరియైన చికిత్సకుడు. ఏలయన, మమకారము లేనిచోట ఎడబాటు నొప్పింపదు. నొప్పి పుట్టినచోటనే ఆమెకు ప్రియమైన దేదో దాగియున్నది. సద్గుణముల పట్టికను చేతికిచ్చి యెన్నుకొమ్మనుటకంటె ఇట్టి యొక్క కన్నీటిచుక్కను అనుసరించిపోవుట మేలు.

ఇచట మనకు విశేషముగ అడ్డువచ్చునది 'నలుగురు ఏమనుకొందురో' అను శంక. తల్లిని చూచుట లోకనిందకు వెఱచి చేయవచ్చును, ప్రేమచేతను చేయవచ్చును. పని యొక్కటియే యైనను బ్రదుకు రుచి వేఱు. "మీరీ పని చేసినట్లు ఎవ్వరికిని తెలియదనుకొనుడు, అప్పుడును చేయుదురా?" అని చికిత్సకు డడుగుటలోని యాంతర్యమిదియే. పెద్దలమాట వినరాదని దీని యర్థము కాదు. విన్నమాటను తనదిగా చేసికొనవలె నని యర్థము. చికిత్సకుడు సైతము తనకు నచ్చిన ధర్మమును బోధింపరాదు.

హేస్ సహచరులలో నొకడైన కెల్లీ విల్సన్ మున్నగువారు రూపొందించిన యొక ప్రశ్నావళి, కుటుంబము, దాంపత్యము, సంతానము, స్నేహము, ఉద్యోగము, విద్య, వినోదము, ఆధ్యాత్మికత, సమాజము, దేహారోగ్యము అను 10 రంగములను ముందుంచి, ప్రతిదాని ప్రాముఖ్యమునకు 1 నుండి 10 వఱకు అంకె వేయించి, గడచిన వారములో దాని ననుసరించి యెంత నడచితి రనుటకు మఱియొక అంకె వేయించును. స్నేహమునకు 9 వేసినవారు నడతకు 2 వేయవలసివచ్చినప్పుడు తలవంచుకొనుట కద్దు. ఆ యెడము ఆత్మనిందకు కారణము కారాదు. అడుగు వేయవలసిన తావును చూపు గుర్తు మాత్రమే యది.

ఆ యడుగు చిన్నదిగా నుండవలెను. ఉపాధ్యాయిని మొదటివారము బస్సెక్కి ఒక్క స్టాపు దాటి దిగిన చాలును, తరువాతివారము రెండు. దేహవ్యాధి గలవారికిని ఈ మార్గము తోడ్పడవచ్చును. దక్షిణాఫ్రికాలో మందులకు లొంగని మూర్ఛవ్యాధి గల 27 మందితో 2006లో ప్రకటితమైన యొక పరిశోధనయందు, ఈ చికిత్స పొందినవారికి మూర్ఛలు తగ్గుటయే గాక జీవితము మెఱుగుపడుటయు కనబడెను. అది చిన్న పరిశోధనయే. దానినిబట్టి ఎవ్వరును మందులు మానరాదు. కాని వ్యాధి తోడుండగానే బ్రదుకును చేతికి తీసికొనవచ్చు నను ధైర్యమును అది కలిగించుచున్నది.

మన ఉపాధ్యాయిని పల్లెకు చేరిన దినమున గుండె దడదడలాడకపోదు. అయినను ఆమె దువ్వెన చేతబట్టి తల్లి వెనుక కూర్చుండును. ఏడాదిగా దిక్కుతోచక తిరిగిన మనస్సునకు ఆ క్షణమున దిక్కు తెలియును, దిక్కు దొరకును.