దిగులు మందు పది రోజులకే మానకండి

యూరియా చల్లిన మర్నాడే పైరు పచ్చబడదని మీకు తెలుసు. మనసు కుంగుబాటుకు డాక్టరు రాసిన బిళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం వారం తిరక్కుండానే 'ఇది పనిచేయదు' అని మూలన పడేస్తుంటాం. చిక్కేమిటంటే, ఈ మందుల చెడు ముందు కనబడుతుంది, మంచి తర్వాత కనబడుతుంది. కడుపులో తిప్పడం, తలనొప్పి, నిద్ర చెదరడం మొదటి వారంలోనే వస్తాయి. చాలామందికి అవి వాటంతటవే సర్దుకుంటాయి. దిగులు తగ్గడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది.

మెదడులో ఒక నాడీకణం నుంచి మరోదానికి కబురు మోసే రసాయనాలుంటాయి. సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ అలాంటివే. కబురు అందాక వాటిని పంపిన కణమే వెనక్కి పీల్చుకుంటుంది. ఈ బిళ్లల్లో ఎక్కువ భాగం ఆ పీల్చడాన్ని అడ్డుకుంటాయి. ఆ పని గంటల్లో జరిగినా, మెదడు దానికి అలవాటు పడటానికే వారాలు కావాలి.

ఇప్పుడు డాక్టర్లు సాధారణంగా ముందు రాసేవి ఫ్లూఆక్సిటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్. ఇవి ముఖ్యంగా సెరటోనిన్ మీద పనిచేస్తాయి. వీటితో కొందరికి కాపురంలో కోరిక తగ్గుతుంది. సిగ్గుపడి ఊరుకోకండి, చెబితే మోతాదో, మందో మారుస్తారు. ఇవి వాడుతూ ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా కొని మింగితే కడుపులో రక్తస్రావం కావచ్చు. వెన్లాఫాక్సిన్, డులాక్సిటిన్ రెండు రసాయనాల మీదా పనిచేస్తాయి. బి.పి. చూపించుకుంటూ ఉండాలి.

ఎమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్ పాత రకాలు. ఇమిప్రమిన్ 1950ల నుంచీ ఉంది. చేలో పనిచేసేవాళ్లు వీటితోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. నోరెండుతుంది, మలబద్ధకం, మత్తు ఉంటాయి. చెమట సరిగా పట్టక వడదెబ్బ తగలొచ్చు. కూర్చుని కలుపు తీస్తూ దిగ్గున లేస్తే కళ్లు తిరుగుతాయి. మత్తుగా ఉన్నప్పుడు ట్రాక్టరెక్కొద్దు, బావిలోకి దిగొద్దు. మోతాదు మించితే గుండె లయ తప్పి ప్రాణం మీదికొస్తుంది. అందుకే పురుగుమందు డబ్బాకు తాళం వేసినట్టే, బిళ్లలు కూడా ఇంట్లో ఒకరి చేతికివ్వండి.

ఏ రకమైనా సారాతో కలవకూడదు. మొదటి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్లలోపు వాళ్లలో, గాబరా పెరిగినా, చావు ఆలోచనలొచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఈ ప్రభుత్వ టెలిమానస్‌లో రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

'అలవాటైపోతుందేమో' అని భయపడేవాళ్లున్నారు. సారాలా ఇంకా కావాలనే యావ వీటితో పుట్టదు. కానీ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కరెంటు కొట్టినట్టు జలదరింపు వస్తాయి. కోలుకున్నాక కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. నాట్ల పనుల్లో ఊరు దాటలేమనుకుంటే, బిళ్లలు అయిపోకముందే వెళ్లి తెచ్చుకోండి.