గోడమీది రాత – గోడమీది బొమ్మ

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు అనేవారు. వాటికి నోరు కూడా ఉన్నదని నగరవీథులలో కాలినడకన తిరిగే ప్రతివ్యక్తికీ ఈనాడు తెలుస్తూనే ఉన్నది. వంతెనల స్తంభాలపైన, పాఠశాలల ప్రహరీగోడలపైన, బస్తీలలోని ఇళ్ళ పక్కగోడలపైన నిలువెత్తు బొమ్మలు వెలుస్తున్నవి. వాటి నడుమ, ఎవరు రాశారో తెలియని వంకరటింకర అక్షరాలు రాత్రికి రాత్రి పుట్టుకువస్తున్నవి. మొదటిదాన్ని చూసి మనం ముచ్చటపడతాం, రెండవదాన్ని చూసి ముఖం చిట్లిస్తాం. ఈ రెండింటికీ గల బంధుత్వమేమిటో, వీటిని ఎట్లా చూడాలో విద్యార్థి మిత్రులకు నాకు తెలిసినంతలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. కళాశాల కమిటీ పెద్దలకు కూడా చివరలో ఒక విన్నపం ఉన్నది.

గోడమీద రాయడం ఆధునికుల ఆకతాయితనమని చాలామంది భావిస్తారు. అది సరికాదు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై బూడిదలో కూరుకుపోయిన పాంపే నగరపు గోడలపై వేలకొలది రాతలు బయటపడినవి. వాటిలో ప్రేమికుల మొరలున్నవి, తిట్లున్నవి, ఫలానా అభ్యర్థిని గెలిపించండనే ఎన్నికల విజ్ఞప్తులు కూడా ఉన్నవి. ఆ విజ్ఞప్తులను కుంచె పట్టిన వృత్తిలేఖకులే రాసేవారట! మన ఎన్నికల గోడరాతలకు పూర్వీకులు రోమునగర రాజ్యంలో ఉన్నారన్నమాట. సింహళంలోని సిగిరియా కొండమీద అద్దంవలె నునుపైన ఒక గోడ ఉన్నది. అక్కడి స్త్రీమూర్తుల చిత్రాలను చూడవచ్చిన యాత్రికులు శతాబ్దాల తరబడి ఆ గోడపై పద్యాలు గీకిపోయారు. వాటిలో 685 పద్యాలను పరనవితాన పండితుడు పరిష్కరించి 1956లో ప్రకటించాడు. గీకినవాడు ఆనాడు అపరాధి. నేడు ఆ గీతలే సింహళ సాహిత్యచరిత్రకు ఆకరాలు. ‘గ్రాఫిటీ’ అనే మాటకు మూలం గీకడమనే అర్థమిచ్చే ఇటాలియను ధాతువు కావడం ఇక్కడ గమనింపదగినది.

మన పల్లెలలో గోడను వట్టిగా వదలడం ఏనాడూ లేదు. జాజు పూసి దానిమీద తెల్లని ముగ్గుగీతలు దిద్దిన తెలంగాణ ఇళ్ళను ఈ నగరంలో పుట్టిపెరిగిన విద్యార్థులు కొందరైనా అమ్మమ్మగారి ఊళ్ళలో చూచి ఉంటారు. ఆ గీతలు దిద్దిన స్త్రీలను చిత్రకారులని ఎవరూ అనలేదు, వారూ అనుకోలేదు. ఉద్యమకాలాలలో విశ్వవిద్యాలయాల గోడలన్నీ నినాదాలతో నిండిపోవడం మన తరమూ మన ముందు తరమూ ఎరిగినదే.

నేడు ప్రపంచమంతటా వ్యాపించిన గ్రాఫిటీ మాత్రం అమెరికాలో 1960 దశకం చివర ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరాలలో పుట్టింది. న్యూయార్కులో వస్తువులు చేరవేసే పనిచేసే ఒక గ్రీకు సంతతి యువకుడు వెళ్ళినచోటల్లా ‘టాకీ 183’ అని రాసేవాడు. 183 అనేది అతని వీథి సంఖ్య. 1971లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అతన్ని గురించి వార్త ప్రచురించడంతో వందలాది కుర్రవాళ్ళు అతన్ని అనుకరించారు. పేరు పక్కన పేరు చేరింది. పదిమందిలో తన పేరు కనబడాలంటే అక్షరం పెద్దది కావాలి, వింతది కావాలి, రంగురంగులది కావాలి. ఈ పోటీలోనుంచే ఒక లిపికళ పుట్టింది. ఒక్క గీతతో రాసే సంతకాన్ని ‘ట్యాగ్’ అని, గంటల తరబడి శ్రమించి రంగులతో తీర్చిన పేరును ‘పీస్’ అని వారు పిలుచుకున్నారు. భూగర్భ రైళ్ళ పెట్టెలన్నీ వారి పలకలైనవి. నగరపాలకులు ఏళ్ళ తరబడి కడిగి, తుడిచి, 1989 నాటికి గాని రైళ్ళను శుభ్రం చేయలేకపోయారు.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. గ్రాఫిటీ లేఖకుడు ప్రధానంగా తన తోటి లేఖకుల కోసం రాస్తాడు. అందుకే ఆ అక్షరాలు మనకు చదువవీలుకావు. వీథిచిత్రకారుడు దారిన పోయే మనకోసం గీస్తాడు. బ్రిటనుకు చెందిన బాంక్సీ అట్టను కత్తిరించి, దానిపై రంగు చిమ్మి క్షణాలలో బొమ్మ ముద్రించే పద్ధతిని ఎన్నుకున్నాడు. అనుమతి లేనివాడికి వేగం అవసరం కదా! అనుమతి గలిగి, నిచ్చెనలు పరంజాలు కట్టి, రోజుల తరబడి వేసే పెద్ద కుడ్యచిత్రం మూడవ రకం. మన నగరంలో మనం ముచ్చటపడే బొమ్మలు చాలావరకు ఈ మూడవ తెగకు చెందినవే.

మన దేశంలో ఈ మూడవ రకానికి ఊపునిచ్చింది 2014లో ఢిల్లీలో ప్రారంభమైన స్టార్ట్ ఇండియా అనే సంస్థ. ప్రభుత్వోద్యోగుల కోసం ఆంగ్లేయుల కాలం చివర కట్టిన లోదీ కాలనీ గోడలను దేశవిదేశ చిత్రకారుల చేత చిత్రింపజేసి ఆ సంస్థ దానిని బహిరంగ చిత్రశాలగా మార్చింది. అక్కడ నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది బొమ్మ కాదు, అక్షరాల నీడ. ‘డాకు’ అనే మారుపేరు గల కళాకారుడు గోడకు నిలువుగా అక్షరాలు బిగించాడు. ఎండ పడినప్పుడు వాటి నీడలే మాటలై గోడమీద పరచుకుంటాయి. సూర్యుడు కదిలే కొద్దీ సాగి, వంగి, మాయమవుతాయి. కాలం వల్ల మారిపోయే వాటిని గురించిన మాటలు కాలం చేతనే మారడం! అలంకారశాస్త్రం చదువుకున్నవారు దీనికి ఏ పేరు పెడతారో ఆలోచించవచ్చు.

అదే సంస్థ 2016లో మన హైదరాబాదుకు వచ్చి హుస్సేన్‌సాగర్ సమీపంలోని మక్తా బస్తీని ఎన్నుకున్నది. మక్తా అంటే ఒకప్పుడు నిర్ణీత పన్నుకు ఇచ్చిన భూమి. గజల్‌లో కవి తన పేరు చెప్పుకునే కడపటి షేర్‌ను కూడా మఖ్తా అనే అంటారు. రెండింటికీ ‘కోయడం’ అనే అర్థంగల ధాతువే మూలం. కవి పేరు చేరవలసిన చోట చిత్రకారుల పేర్లు చేరినవని చమత్కరించవచ్చును. ఇరుకు సందులు, చిన్న ఇళ్ళు, వాటి పక్కగోడలపై మనిషికి మూడింతల ఎత్తు ముఖాలు! ఈ నగరానికి చెందిన స్వాతి, విజయ్ దంపతులు చిత్రించే తెలంగాణ స్త్రీలను పరిశీలించండి. ఆ గాజులు, ఆ ముక్కుపుడక, ఆ చూపు – సినిమా పోస్టరులోని నాయిక చూపు కాదది. రోజూ నీళ్ళ బిందెతో ఆ సందులో నడిచే స్త్రీ, అంత పెద్దదై గోడమీద నిలబడితే ఆమెకు దారి ఇవ్వవలసింది మనమే.

చూడడానికి ఒక పద్ధతి ఉన్నది. ముందు బొమ్మను కాదు, గోడను చూడాలి. కిటికీ ఎక్కడున్నది, నీటిగొట్టం ఎక్కడ దిగింది, చిత్రకారుడు దాన్ని దాచాడా, బొమ్మలో కలుపుకున్నాడా? మంచి చిత్రకారుడు గొట్టాన్ని లతగా మారుస్తాడు. సామాన్యుడు దానిమీదుగా రంగు పూసి ముందుకు పోతాడు. తరువాత దూరం: పది అడుగుల నుండి మరకలవలె కనబడేది వీథి అవతలనుండి కన్ను అవుతుంది. కాగితం మీది చిన్న బొమ్మను గళ్ళు గీసి గోడకు పెంచడం వీరి పాత ఉపాయం. సినిమా బ్యానర్లు గీసిన మన పెయింటర్లకు కూడా ఇది కరతలామలకం. ఆ పెయింటర్లలో చాలామంది ఫ్లెక్సీ వచ్చిన తరువాత కుంచె వదలి వేరే పనులకు పోయారు. కొత్త కుడ్యచిత్రాలను మెచ్చుకునే సభలలో వారిని తలచుకున్నవారు నాకు తటస్థపడలేదు.

అక్షరం విషయానికి వస్తే మన కళాశాలకు రెండింతల హక్కున్నది. ఇక్కడ ఒక తరగతిలో నస్తలీఖ్, పక్క తరగతిలో తెలుగు. నస్తలీఖ్‌లో అక్షరాన్ని ఖలమ్ వేసిన చుక్కతో, అనగా నుఖ్తాతో, కొలుస్తారు. ఏ అక్షరం ఎన్ని చుక్కల పొడవుండాలో నియమం ఉన్నది. మాట పైనుండి ఏటవాలుగా జారి రేఖపై వాలుతుంది. తెలుగు అక్షరం గుండ్రనిది. తాళపత్రంపై గంటంతో తిన్నని గీతలు గీస్తే ఆకు చీలుతుంది గనుక ఆ గుండ్రదనం వచ్చిందంటారు. ఒకటి జారే నీరు, ఒకటి దొర్లే గోళీ. గోడంత పెద్దవి చేసి ఈ రెంటినీ పక్కపక్కన నిలిపితే ఎట్లా ఉంటుందో ఎవరైనా ప్రయత్నించారా? కుతుబ్‌షాహీల బాదుషాహీ ఆషుర్ఖానాలో రంగుపలకలపై దీర్చిన లిపిని చూచినవారికి, గోడకూ అక్షరానికీ ఈ నగరంలో నాలుగు వందల ఏళ్ళ స్నేహమున్నదని వేరే చెప్పనక్కరలేదు. ఛత్తా బజారులో పెళ్ళిపత్రికలు రాసే ఖుష్‌నవీసుల సంఖ్య మాత్రం కంప్యూటరు రాకతో బాగా తగ్గిపోయింది.

అరబ్బీ లిపిని గ్రాఫిటీతో మేళవించిన వారిలో ట్యునీషియా సంతతికి చెందిన ఫ్రెంచి కళాకారుడు ఎల్ సీద్ ప్రసిద్ధుడు. 2012లో ట్యునీషియాలోని గాబెస్ పట్టణపు జారా మసీదు మీనారుపై, భిన్నజాతుల వారు ఒకరినొకరు తెలుసుకోవడాన్ని గురించిన ఖుర్ఆన్ వాక్యాన్ని చిత్రించాడు. 2016లో కైరో నగరపు చెత్త ఏరి బ్రతికే క్రైస్తవుల పేటలో దాదాపు యాభై భవనాలపై ముక్కలుముక్కలుగా ఒకే వాక్యాన్ని రాశాడు. ఆ మాటలు అలెగ్జాండ్రియాకు చెందిన అథనేసియస్ అనే క్రైస్తవ సాధువువి. వీథిలో నిలబడితే ఏదీ అర్థం కాదు. ఎదుటి ముఖత్తమ్ కొండపై ఒక స్థలం నుండి మాత్రమే ముక్కలన్నీ కలిసి వలయమవుతాయి. ముస్లిం కళాకారుడు, క్రైస్తవ వాక్యం, అరబ్బీ లిపి. లిపికి మతాన్ని అంటగట్టేవారు ఆ కొండ ఎక్కి చూడవలసినదే.

మనదేశంలో ఆ అంటగట్టడం ఎంత దూరం పోయిందో చెప్పక తప్పదు. 2016లోనే ఢిల్లీ శాహ్దరా ప్రాంతంలో, అనుమతితో ఒక గోడపై ఉర్దూ కవితాపంక్తులు చిత్రిస్తున్న ఇద్దరు కళాకారులను కొందరు అడ్డగించి, ఆ ఉర్దూ రాతను చెరిపించారు. ఇందుకు భిన్నమైన దృశ్యం 2025 ఏప్రిల్‌లో కనబడింది. మహారాష్ట్రలోని పాతూరు పురపాలకసంఘం నామఫలకంపై మరాఠీ కింద ఉర్దూ ఉండరాదన్న వాదాన్ని సుప్రీంకోర్టు తిరస్కరించింది. భాష మతం కాదని, ఉర్దూ ఈ గడ్డపై పుట్టినదేనని ఆ తీర్పు స్పష్టం చేసింది. తెలంగాణలో 2017లోనే ఉర్దూకు రెండవ అధికారభాష ప్రతిపత్తి లభించింది. కాని ఫలకంపై దాన్ని రాసే చేయి ఏది? బోర్డులపై నుఖ్తాలు జారిపోయిన ఉర్దూను, ఒత్తులు ఊడిన తెలుగును మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

గోడ యజమానిదా, బొమ్మ గీసినవానిదా? న్యూయార్కులో ‘ఫైవ్ పాయింట్జ్’ అనే పాత కర్మాగారం గోడలపై యజమాని అనుమతితోనే కళాకారులు ఏళ్ళ తరబడి చిత్రించారు. 2013లో ఒక రాత్రి అతడే వాటికి తెల్లరంగు పూయించాడు. 2018లో న్యాయస్థానం 21 మంది కళాకారులకు 67.5 లక్షల డాలర్ల పరిహారం విధించింది. మనకూ ఇట్టి తీర్పున్నది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో నిర్మించిన విశాలమైన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం 1979లో ఊడదీయించి గోదాములో పడవేసింది. ఢిల్లీ హైకోర్టు 2005లో శిల్పాన్ని ఆయనకు అప్పగించి, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలన్నది. అయితే అనుమతి లేని రాతకు ఈ రక్షణ దొరుకుతుందని ఎవరూ ఆశపడరాదు. బహిరంగ స్థలాలను వికృతం చేయడాన్ని నిషేధిస్తూ 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టమే చేసింది. పరుల గోడపై రాసి కళ అని వాదించే విద్యార్థిని నేను సమర్థించను. ఆ గోడకు వెల్ల వేయించుకునే గృహస్థు కష్టం కూడా కష్టమే.

ఇక నా విన్నపం. గత సంవత్సరం మన గ్రంథాలయం వెనుక ప్రహరీగోడపై ఎవరో బొగ్గుతో ఒక షేర్, దాని కింద తెలుగులో దాని భావం రాశారు. దస్తూరీ చక్కనిది, తెలుగులో ఒక్క అక్షరదోషం లేదు. రెండు రోజులలో దానికి సున్నం పడింది. ఆ సంగతిని నేను తప్పు పట్టడం లేదు, గోడ కళాశాలది. కాని ఆ విద్యార్థి మన గోడపత్రికకు ఏనాడూ రచన ఇవ్వలేదని నాకు గట్టి అనుమానం. అద్దాల చట్రంలో తాళం వేసి ఉంచే పత్రికకు ఇవ్వని మాటను అతడో ఆమెయో బయటిగోడకు ఇచ్చారు. ఎందుకిచ్చారో సంపాదకవర్గంలో ఉన్న మేము ఆలోచించుకోవాలి.

ఆ గోడను కమిటీ వారు సంవత్సరానికొకసారి విద్యార్థులకు అప్పగించాలని కోరుతున్నాను. సగం ఉర్దూకు, సగం తెలుగుకు అని గీత గీయవద్దు, వారే తేల్చుకుంటారు. పట్టణంలో మిగిలిన ఒక ఖుష్‌నవీసును, ఒక పాత బోర్డు పెయింటరును నాలుగు రోజులు పిలిపిస్తే కొలత, కుంచె పట్టడం వారే నేర్పుతారు. ఖర్చు పెద్దది కాదు: గోడ గీకి, పైపూత వేసి, బయటిగోడలకు వాడే ఎమల్షను రంగులు నాలుగైదు తెస్తే చాలును. గోడ ఉత్తరముఖంగా ఉన్నందున ఎండ నేరుగా తక్కువ పడుతుంది, రంగు కొంతకాలం నిలుస్తుంది. కింది రెండు అడుగులలో మాత్రం వర్షాకాలంలో చెమ్మ ఎక్కుతున్నది. ఆ భాగాన్ని ముందుగా మేస్త్రీకి చూపించవలసి ఉంటుంది.