ఫ్లామర్స్‌ఫెల్డ్: జర్మనీ దేశమున నొక కొండగ్రామము

రైఫైజెన్ అను పేరు సహకార సంఘముల సభ్యులకు క్రొత్తది కాదు. కాని యాయన యే యూరిలో, ఎట్టి నేలమీద, ఏ కష్టమును కన్నులార చూచి పరపతి సంఘమును తలపెట్టెనో యెరిగినవారు కొలదిమందియే. ఈ మాసము మా పాఠకులను ఆ యూరికి గొనిపోదలచితిమి.

జర్మనీ పశ్చిమభాగమున రైన్ నదికి తూర్పుగా వెస్టర్‌వాల్డ్ అను మెట్టసీమ కలదు. ఉత్తరమున జీగ్ నదియు, దక్షిణమున వీడ్ నదియు పారి, రెండును రైనులోనే కలియును. ఈ రెంటి నడుమనున్న మిట్టలపై ఫ్లామర్స్‌ఫెల్డ్ గ్రామము వెలసినది. అచ్చట వేసవి కురుచ, శీతకాలము దీర్ఘము. వాన పుష్కలమే గాని యెండ చాలదు. రై ధాన్యము, ఓట్సు, బంగాళాదుంప, పశువులకు గడ్డి, ఇవియే ఆ నేల యిచ్చు ఫలములు. ద్రాక్షతోటలు రైన్ లోయవారి భాగ్యము. ఆ లోయ నేరుగా కొలిచినచో పాతిక కిలోమీటర్ల లోపు దూరముననే యున్నది. అయినను మంచి బాట లేని కాలమున కొండరైతు తన పంటను అచ్చటి అంగడికి చేర్చుట మిక్కిలి ప్రయాసము. దగ్గరనున్న సంపద దారి లేనివానికి దూరమే గదా!

పూర్వము ఈ ప్రాంతమును సైన్ వంశపు ప్రభువు లేలిరి. 1815వ సంవత్సరమున ఇది ప్రష్యా రాజ్యములో చేరెను. దొరలు మారిరి గాని రైతు బ్రతుకు మారలేదు. 1845 మొదలు బంగాళాదుంపకు తెగులు సోకెను. 1846లో ధాన్యమును సరిగా పండలేదు. ఆ శీతకాలమున ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు ఉత్తరమున, కొద్ది దూరమునగల వైయర్‌బుష్ గ్రామమున అధికారిగా నుండిన యువకుడే ఫ్రీడ్రిఖ్ విల్హెల్మ్ రైఫైజెన్. ఈయన 1818లో ఆ సీమలోనే హామ్ అను గ్రామమున జన్మించి, సైన్యమున చేరి, కన్నుల జబ్బుచే దానిని వీడి, గ్రామపాలనకు వచ్చినవాడు. ఆకలిగొన్నవారికి ధాన్యము రొక్కమునకే యమ్మవలెనని పైనుండి యుత్తరువు రాగా, చేత పైకము లేనివానికి ఆ ధాన్యమేల యని, అప్పుమీదనే పంచిపెట్టెను. కలవారిచేత చందాలు వేయించి, పిండి కొనిపించి, ఊరిలో రొట్టెల పొయ్యి కట్టించి, సగము ధరకే రొట్టె దొరకునట్లు చేసెను.

1848లో ఆయన ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు మారెను. ఇచ్చట ఆకలికంటె లోతైన రోగము కనబడెను. చిన్నకమతపు రైతునకు ఆవే పాడి, ఆవే కాడి. పొలమునకు ఎరువును దానివలననే. అది చచ్చినచో సేద్యమే నిలిచిపోవును. మరియొక యావును కొనుటకు రొక్కము లేదు గనుక పశువర్తకుని యొద్ద అరువు తెచ్చును. అతడు ధర హెచ్చుగా కట్టి, దానిపై వడ్డీ వేయును. లేదా ఆవు తనదిగానే యుంచుకొని పాలికిచ్చును. మేత రైతుది, చాకిరి రైతుది. దూడలో భాగము వర్తకునిది. ఒక్క వాయిదా తప్పినచో ఆవు పోవును, అప్పు మిగులును. మరి రెండేండ్లకు పొలమే చేయి మారును. ఈ లెక్క మన మెట్టరైతులకు వివరించి చెప్పనక్కర లేదు.

1849లో రైఫైజెన్ ఆ ప్రాంతపు కలవారిని 60 మందిని కూడగట్టి, పేదరైతుల సహాయసంఘమును స్థాపించెను. వారందరును తమ యావదాస్తిని ఉమ్మడి పూచీగా నొడ్డిరి. ఆ పూచీమీద సొమ్ము పుట్టెను. సంఘమే పశువులను కొని రైతులకిచ్చి, ఐదు సంవత్సరముల వాయిదాలలో వెల రాబట్టుకొనెను. పిమ్మట రొక్కపుటప్పులును ఇచ్చుచు వచ్చెను.

ఇంతవరకు చెప్పి యూరకుండినచో ఇది పుణ్యకథ యగును. కాని మా దృష్టిలో ఈ సంఘపు జయముకంటె దాని కొరతయే ఎక్కువ పరిశీలింపదగినది. పూచీ పడినవారు ఒకరు, అప్పు తీసికొనువారు మరియొకరు. పేదవానికి సంఘములో మాట లేదు. కలవానికి సంఘమువలన లాభము లేదు. దయ యున్నన్నాళ్లే సంఘ ముండును. 1852లో రైఫైజెన్ రైన్ తీరపు హెడ్డెస్‌డార్ఫ్‌నకు బదిలీయై, 1854లో అచ్చటను ధర్మసంఘమునే స్థాపించెను. పదేండ్లు గడుచునప్పటికి కలవారు ఒక్కొక్కరే వెనుకకు తగ్గజొచ్చిరి. పట్టణములలో చేతిపనివారికి స్వయంసహాయమును బోధించుచుండిన షుల్ట్సె డెలిచ్ వాదమును రైఫైజెన్ మొదట పూర్తిగా నంగీకరింపలేదు. తుదకు అనుభవమే ఒప్పించినది. 1864లో ఆయన స్థాపించిన హెడ్డెస్‌డార్ఫ్ పరపతి సంఘములో అప్పు కావలసినవాడే సభ్యుడు, సభ్యుడే పూచీదారు. తాను సహృదయతతో నడిపిన పద్ధతిని తానే తప్పని మార్చుకొనుట సామాన్యమైన పని కాదు.

అపరిమిత బాధ్యత యన్న మాటకు మనలో అనేకులు జంకుదురు. ఒకడు ఎగవేసిన అప్పు మరియొకని పొలముమీద పడునేమో యను భయము నిరాధారము కాదు. అందువలననే రైఫైజెన్ సంఘపు హద్దును చిన్నదిగా నుంచుమనెను. ఎవని కొట్టములో ఎన్ని పశువులున్నవో, ఎవడు అప్పు తెచ్చి పెండ్లి చేసెనో ఇరుగుపొరుగు వారికి తెలిసినచోటనే ఆ పూచీ నిలుచును. కొండలచేత విడివడిన చిన్న పల్లెల ఆ సీమలో ఈ యాలోచన పుట్టుటలో వింత లేదని మాకు తోచుచున్నది.

ఈ యాలోచనయే సముద్రము దాటి మనవరకు వచ్చెను. మదరాసు ప్రభుత్వము పంపగా సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపా సంఘములను పరిశీలించి, 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటములుగా నివేదిక ప్రకటించి, రైఫైజెన్ వంటి మనుష్యుని వెదకుటయే మొదటి పనియని సూచించెను. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టము గ్రామసంఘములకు అపరిమిత బాధ్యతనే విధించెను.

రైఫైజెన్ చూపు క్రమముగా క్షీణించి, 1865లో ఉద్యోగము విడిచెను. వ్రాతకోతలలో పెద్దకుమార్తె అమాలి ఆయనకు తోడయ్యెను. 1888లో హెడ్డెస్‌డార్ఫ్‌లో మరణించెను. ఆయన కాపురమున్న ఫ్లామర్స్‌ఫెల్డ్ యిల్లు, కఱ్ఱదూలముల నడుమ గోడలు కట్టిన ఆ సీమ పద్ధతి యిల్లు, నేడు ప్రదర్శనశాలగా నున్నది. కొండరైతు బండి రైన్ తీరపు టంగడికి చేరవలెనని ఆయన పట్టుబట్టి వేయించిన బాట ఇప్పుడును ఆయన పేరనే పిలువబడుచున్నది.