కురవని మబ్బు చెప్పే కబురు

అమలాపురం: కోతల వేళ కోనసీమ రైతు చూపు చేను మీద కన్నా ఆకాశం మీదే ఎక్కువ నిలుస్తుంది. కొబ్బరి పీచు విడదీసి పరచినట్లు ఎంతో ఎత్తున కనిపించే పలుచని తెల్ల మబ్బులను శాస్త్రజ్ఞులు సిర్రస్ అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు ముంగురులని అర్థం.

ఈ మబ్బులో ఉండేవి మంచు పలుకులే. కింద మనకు చెమటలు పోస్తున్నా పన్నెండు కిలోమీటర్ల పైన చలి సున్నాకు 40 డిగ్రీలకు పైగా దిగువన ఉంటుంది. అంత ఎత్తుకు చేరిన నీటి ఆవిరి గడ్డకట్టి పలుకులవుతుంది. అవి మెల్లగా జారుతుంటే గాలి దారాల్లా సాగదీస్తుంది. నేలకు చేరకముందే అవి ఆవిరైపోతాయి. అందుకే ఈ మబ్బు కురవదు. చంద్రుని చుట్టూ వరదగుడి కట్టేది కూడా ఇటువంటి మంచు మబ్బుల వల్లనే.

కురవని మబ్బుతో మనకేమి పని? బంగాళాఖాతంలో తుఫాను లేచినప్పుడు సముద్రపు ఆవిరి సుడి తిరుగుతూ పైకెగసి, పైఅంచున మంచు మబ్బుగా వందల కిలోమీటర్లు పరచుకుంటుంది. గాలీ వానా రాకముందే ఆ మబ్బు తీరం మీదకు వచ్చేస్తుంది.

అలాగని పీచు మబ్బు పట్టినప్పుడల్లా తుఫాను రాదు. మామూలు ఉరుముల మబ్బు చెదిరినా ఇదే మిగులుతుంది. అయితే సముద్రం వైపు ఒకే చోటి నుంచి చీపురు పుల్లల్లా విచ్చుకుని అంతకంతకు చిక్కబడుతుంటే మాత్రం వాతావరణ కేంద్రం హెచ్చరిక ఏముందో వెంటనే కనుక్కోవాలి.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానుకు వెయ్యిమందికి పైగా బలయ్యారు. కోనసీమ కొబ్బరి తోటలు నేలకూలాయి. వేటకు వెళ్లిన వారెందరో తిరిగి రాలేదు. పడవ తీసే ముందు, చేను కోసే ముందు ఒకసారి తలెత్తి చూడటం, ఆపైన హెచ్చరిక వినడం మేలు.