ప్రదర్శనకు ఒంగోలు కోడెదూడ

సంక్రాంతి మొదలు శివరాత్రి తిరునాళ్ల వరకు కోస్తా జిల్లాలలో పశు ప్రదర్శనలు జరుగుతూ ఉంటాయి. పందిరి కింద వరుసగా నిలబడిన తెల్లని ఒంగోలు గిత్తలను చూసి వచ్చిన మీ అబ్బాయి, "నాన్నా, మనమూ ఒక కోడెదూడను పెంచుదాం" అని అడిగి ఉంటాడు. కాదనకండి. అయితే దూడను కొనక ముందే, అప్పుకు దరఖాస్తు పెట్టక ముందే తండ్రీకొడుకులిద్దరూ ఒక విషయం గ్రహించాలి. న్యాయనిర్ణేతలు చూసే ఎముక పుష్టి, ఒంటి పొడవు, కాళ్ల నిలకడ మొదటి సంవత్సరపు పోషణలోనే ఏర్పడతాయి. ఆ ఏడాది గిడసబారిన దూడకు పోటీ ముందు రెండు నెలలు బస్తాల కొద్దీ దాణా పెట్టినా కొవ్వు పడుతుంది గాని కట్టు రాదు.

దూడను ఎంచుకునేటప్పుడు తల్లిని కూడా చూడండి. తెల్లని ఒళ్లు, విశాలమైన నుదురు, పొట్టి కొమ్ములు, మడతలు పడి వేలాడే గంగడోలు, నిండైన మూపురం, నల్లని ముట్టె, నల్లని తోక కుచ్చు ఈ జాతి లక్షణాలు. మూపురం వయసుతో పెరుగుతుంది. వంకర కాళ్లు మాత్రం వయసుతో సరికావు. కనుక దూడను నాలుగడుగులు నడిపించి, వెనుక నుంచి చూసిన తరువాతే బేరమాడండి.

ఇంట్లోనే పుట్టిన దూడ అయితే పోషణ తొలి గంటలోనే మొదలవుతుంది. మాయ పడేదాకా ముర్రుపాలు తాగించరాదనే నమ్మకం మన పల్లెల్లో ఇంకా ఉంది. ఇది దూడకు చేసే మొదటి అపకారం. వ్యాధులను ఎదుర్కొనే శక్తి దూడకు ముర్రుపాల ద్వారానే వస్తుంది, గంటలు గడిచేకొద్దీ ఆ శక్తిని గ్రహించే గుణం పేగులలో తగ్గిపోతుంది. పుట్టిన రెండు గంటలలోగా తాగించడం మొదలుపెట్టి, తొలిరోజున దూడ బరువులో పదో వంతు, అంటే పాతిక కిలోల దూడకు రెండున్నర కిలోలు, విడతలుగా అందించాలి. తరువాత రెండు నెలల వరకు ఇదే లెక్కన పాలు వదలాలి. అన్ని పాలు దూడకే పోతే అమ్మకానికి ఏమి మిగులుతుందని ఇంటి ఇల్లాలు అడుగుతుంది. ఆమె ప్రశ్న న్యాయమైనదే. ఆ పాల ఖరీదును దూడ ఖర్చుగా లెక్క రాసుకోండి, అంతేగాని దూడ నోటి దగ్గర తగ్గించకండి.

పది, పదిహేను రోజుల వయసులో పశువైద్యుని సలహాతో ఏలికపాములకు మందు తాగించాలి. రెండో వారం నుంచి దూడల దాణా గుప్పెడు చొప్పున, లేత పచ్చిమేత కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. నాలుగో నెలలో గాలికుంటు టీకా, ఆ తరువాత నెలకు రెండో మోతాదు తప్పరాదు. ఆరు నెలలు దాటాక గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే వేయించండి.

ఏడాది వయసుకు, సుమారు 200 కిలోల కోడెకు రోజుకు 12 నుంచి 15 కిలోల పచ్చిమేత, ఒకటిన్నర కిలో జొన్నచొప్ప, రెండు కిలోలకు మించకుండా దాణా సరిపోతాయి. దాణాను ఇంట్లోనే కలుపుకోవచ్చు. నూరు కిలోలకు నలిపిన జొన్న లేదా మొక్కజొన్న 30, తవుడు 30, వేరుశనగ చెక్క 25, కందిపొట్టు 12, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. బూజు పట్టిన చెక్కను చవకగా వచ్చిందని కొనకండి. ఆరు నెలల లోపు దూడకు పత్తి చెక్క పెట్టకండి. వానలు లేక వాడిన జొన్నలో, కోసిన మోళ్ల నుంచి వచ్చిన పిలకల్లో నాము ఉంటుంది, దూడను అటు తోలకండి. నీటి వసతి ఉన్న పది సెంట్లలో హైబ్రిడ్ నేపియర్ గడ్డి వేసుకుంటే ఒక్క కోడెకు ఏడాది పొడవునా పచ్చిమేత దొరుకుతుంది.

కాటా లేకపోయినా టేపుతో బరువు అంచనా వేయవచ్చు. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో తీసి, దానిని దానితోనే హెచ్చించాలి. ఆ వచ్చినదానిని భుజం మొన నుంచి పిరుదు ఎముక వరకు ఉన్న పొడవుతో హెచ్చించి 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 50, పొడవు 45 అంగుళాలైతే బరువు 170 కిలోలు. నెలకోసారి ఇలా కొలిచి రాసుకోండి. రోజుకు సగటున అర కిలో పెరుగుతూ ఉంటే మీ మేపు సరిగా ఉన్నట్టే.

ఒక ప్రదర్శనలో ఈ వ్యాసకర్త కళ్లారా చూసిన సంగతి ఇది. పోటీకి ముందు రాత్రి ఒక యువకుడు తన కోడెకు మామూలుకు మూడింతలు ఉడికించిన ఉలవలు, గింజలు పెట్టాడు. తెల్లవారేసరికి పొట్ట ఉబ్బి, కోడె లేవలేకపోయింది. వైద్యుడు వచ్చి బతికించాడు గాని ఆ అబ్బాయి పందిరి దాకా వెళ్లనేలేదు. గింజలు ఒక్కసారిగా ఎక్కువైతే కడుపులో పులుపు పెరుగుతుంది, ఆ దెబ్బ గిట్టల వరకు పోతుంది. దాణాలో ఏ మార్పునైనా పది రోజులు పట్టేలా చేయాలి.

మూడో నెల నుంచే పగ్గంతో నడవడం నేర్పండి. ఈ పని మీ అబ్బాయే చేయాలి. ఉదయం, సాయంత్రం మాలీషు చేసి, కిలోమీటరు దూరం నడిపించి, అప్పుడప్పుడు సంతవీధిలో జనం మధ్య నిలబెడితే మైకు మోతకు బెదరదు. ఇక్కడి ప్రదర్శనలలో పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు అని వయసును పళ్లతోనే నిర్ణయిస్తారు కాబట్టి ఏ విభాగానికి వస్తుందో ముందే చూపించుకోండి.

ఇక లెక్కల సంగతి. అమెరికాలో ఫోర్-హెచ్ సంఘాల పిల్లలు వృషణాలు తీసిన కోడెను పెంచి ప్రదర్శనకు తెస్తారు. కొన్న ధర, మేత, మందులు, పెరిగిన బరువు పుస్తకంలో రాయడం కూడా వారి పనిలో భాగమే. (అక్కడి బ్రాహ్మన్ జాతిలో మన నెల్లూరు పశువుల రక్తం ఉందన్నది వేరే ముచ్చట.) వారి కోడె సాధారణంగా ప్రదర్శన చివర మాంసానికి వేలంలో అమ్ముడుపోతుంది, అక్కడితో లెక్క తేలిపోతుంది. మన గిత్త ఇంటికి తిరిగి వస్తుంది, మర్నాడు కూడా దానికి మేత కావాలి. దాణా కిలో 30 రూపాయలనుకుంటే రెండు కిలోలకు రోజుకు 60, ఏడాదికి 21,900 రూపాయలు. పాలు, మందులు, ప్రయాణం దీనికి అదనం. ఆ తరువాత గిత్తను విత్తనపు ఆబోతుగా ఉంచుతారా, అమ్ముతారా, ఎవరికి అమ్ముతారు అన్నది దూడను కొన్ననాడే ఆలోచించాలి.

కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయాన్ని 2018-19 కేంద్ర బడ్జెట్టులో పశుపోషకులకూ విస్తరించారు. మేత, వైద్యం ఖర్చులకు ఆ పరిమితిలో అప్పు అడగవచ్చు. కాని దరఖాస్తులో బహుమతిని ఆదాయంగా చూపకండి. పందిరి కింద పాతిక గిత్తలుంటే బహుమతులు మూడు నాలుగే. వాయిదా పాల మీద, పంట మీద తీరగలదని మీకే నమ్మకం కలిగితేనే సంతకం చేయండి. చెవిపోగు వేయించి బీమా చేయించండి. పోగు ఊడిపోతే వెంటనే తెలియజేయకపోవడం వల్లనే చాలా క్లెయిములు ఆగిపోతాయి.

ప్రదర్శనకు మూడు నాలుగు వారాల ముందే టీకాలు పూర్తి కావాలి. మీ మేత, మీ నీళ్ల తొట్టి మీరే తీసుకువెళ్లండి. తిరిగి వచ్చాక కోడెను మూడు వారాలు విడిగా కట్టేయండి. 2022లో ముద్దచర్మ వ్యాధి ఎంత త్వరగా రాష్ట్రాలు దాటిందో మీరు చూశారు. ఆ మూడు వారాలూ కోడెను చూసే మనిషి పాడి పశువుల దగ్గరకు పోయే ముందు చేతులు, కాళ్లు కడుక్కోవాలి.